ఫిస్కర్ దివాలా: ముడిసరుకు చౌకైనా గట్టెక్కని వ్యాపారం

అమ్ముడుపోని కార్ల భారం చివరకు ఉద్యోగుల మీద, కొనుగోలుదార్ల మీద పడింది

లిథియం కార్బొనేట్ ధర 2022 నవంబరులో చైనా మార్కెట్‌లో టన్నుకు సుమారు 6 లక్షల యువాన్ల వరకు ఎగబాకింది. ఏడాది తిరిగేసరికి, 2023 డిసెంబరు నాటికి, అదే సరుకు లక్ష యువాన్ల స్థాయికి పడిపోయింది. ఆరు రూపాయల సరుకు ఒక రూపాయికి వచ్చినట్లయింది. ముడిసరుకు ఇంతగా చౌకైనప్పుడు దానితో వస్తువు తయారుచేసి అమ్మేవాడు బాగుపడాలి. పత్తి చౌకగా దొరికిన ఏడు మిల్లుకు నాలుగు డబ్బులు మిగులుతాయని ఏ వ్యాపారిని అడిగినా చెబుతాడు. కాని విద్యుత్ కార్ల రంగంలో జరిగింది ఇందుకు విరుద్ధం. బ్యాటరీ లోహాల ధరలు దిగజారిన ఆ కాలంలోనే కొత్త కంపెనీలు ఒకదాని వెంట ఒకటి ఉద్యోగులకు ఉద్వాసన చెప్పి, అప్పులు తీర్చలేక కోర్టు మెట్లెక్కాయి.

అమెరికాలో లార్డ్‌స్టౌన్ 2023 జూన్‌లోను, చైనాలో డబ్ల్యు.ఎం. మోటార్ అదే ఏడాది అక్టోబరులోను, బ్రిటన్‌లో అరైవల్ 2024 ఫిబ్రవరిలోను చేతులెత్తేశాయి. 2024 జూన్‌లో కాలిఫోర్నియాకు చెందిన ఫిస్కర్ ఐ.పి. పెట్టింది. 2025 జనవరిలో కనూ, ఫిబ్రవరిలో నికోలా అదే దారి పట్టాయి. వీటిలో కొన్ని వ్యాన్లు, కొన్ని ట్రక్కులు తయారుచేయబూనిన కంపెనీలు. ఫిస్కర్ మాత్రం అచ్చంగా కార్ల కంపెనీ. పైగా కార్లు తయారు చేయలేక పోయిన కంపెనీ కాదు. పదివేలకు పైగా తయారుచేసి, అమ్మలేక పోయిన కంపెనీ. అందుచేత సరుకు నిల్వల మంచిచెడ్డలు తెలిసిన వర్తకులు ప్రత్యేకించి పరిశీలించదగిన ఉదంతం ఇది.

ఈ కంపెనీల పతనాన్ని చూసి విద్యుత్ కార్లకు గిరాకీయే లేదని కొందరు తేల్చేస్తున్నారు. లెక్కలు ఆ మాటను బలపరచవు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో 2023లో సుమారు 1 కోటి 40 లక్షల విద్యుత్ కార్లు అమ్ముడయ్యాయి. 2024లో ఆ సంఖ్య 1 కోటి 70 లక్షలు దాటింది. అంటే సరుకు కదులుతూనే వుంది. కొందరి సరుకు మాత్రమే కదలలేదు. గిరాకీ వున్న బజారులో ఒక దుకాణం మూతపడితే కారణం ఆ దుకాణంలోనే వెతకాలి.

ఒకే పేరుతో రెండు దివాలాలు

హెన్రిక్ ఫిస్కర్ డెన్మార్క్ దేశస్థుడు. బి.ఎం.డబ్ల్యు., ఆస్టన్ మార్టిన్ కంపెనీలకు పేరుపడ్డ కార్ల రూపురేఖలు దిద్దిన డిజైనరు. ఆయన 2007లో స్థాపించిన మొదటి కంపెనీ ఫిస్కర్ ఆటోమోటివ్. కర్మ అనే ఖరీదైన కారును ఫిన్లాండ్‌లో తయారు చేయించి అమ్మజూపింది. అమెరికా ఇంధన శాఖ ఈ కంపెనీకి 52.9 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. అయితే ఆ రుణం ఒక్కసారిగా చేతికిచ్చే పద్ధతిన కాక, ఒప్పుకున్న పని జరిగినకొద్దీ విడుదలయ్యే షరతు మీద మంజూరయింది. కంపెనీ గడువులు తప్పడంతో 2011లో చెల్లింపులు నిలిచిపోయాయి. అప్పటికి విడుదలైంది 19 కోట్ల డాలర్ల పైచిలుకు మాత్రమే.

2012 అక్టోబరులో ఈ కంపెనీకి బ్యాటరీలు సరఫరా చేసే ఎ-123 సిస్టమ్స్ దివాలా తీసింది. అదే నెల చివర శాండీ తుపాను వచ్చి, న్యూజెర్సీ రేవులో దిగివున్న మూడు వందల పైచిలుకు కార్లు ఉప్పునీటి పాలయ్యాయి. 2013 ఏప్రిల్‌లో సిబ్బందిలో సుమారు నాల్గింట మూడు వంతుల మందిని తొలగించారు. నవంబరులో కంపెనీ దివాలా కోర్టుకు వెళ్ళింది. 2014లో చైనాకు చెందిన వాన్‌షియాంగ్ దాని ఆస్తులను 14.92 కోట్ల డాలర్లకు కొన్నది. అమెరికా ప్రభుత్వానికి సుమారు 13.9 కోట్ల డాలర్లు నష్టం మిగిలింది.

అదే పేరుతో రెండవ కంపెనీ 2016లో పుట్టింది. హెన్రిక్ ఫిస్కర్ అధిపతి. ఆయన భార్య, భారత సంతతికి చెందిన గీతా గుప్తా-ఫిస్కర్ ఆర్థిక వ్యవహారాలకు, నిర్వహణకు బాధ్యురాలు. ఈసారి సొమ్ము ప్రభుత్వం నుంచి రాలేదు, షేర్ మార్కెట్ నుంచి వచ్చింది. ముందుగా ప్రజల నుంచి డబ్బు పోగుచేసి, ఆ తరువాత వ్యాపారాన్ని వెతుక్కునే ఖాళీ కంపెనీలు ఆ రోజుల్లో అమెరికాలో విరివిగా వెలిశాయి. అలాంటి స్పార్టన్ ఎనర్జీ అనే కంపెనీతో విలీనమై, 2020 అక్టోబరులో ఫిస్కర్ న్యూయార్క్ షేర్ మార్కెట్‌కెక్కింది. విలువ 290 కోట్ల డాలర్లుగా కట్టారు. చేతికి సుమారు 100 కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పటికి కంపెనీ ఒక్క కారు కూడా అమ్మలేదు. ఓషన్ అనే ఆ కారు తయారీ ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో, మాగ్నా అనే కాంట్రాక్టు కంపెనీ ఫ్యాక్టరీలో మొదలయింది 2022 నవంబరులో. అంటే సరుకు పుట్టడానికి రెండేళ్ళ ముందే దాని మీద బేరం జరిగిపోయిందన్నమాట.

పంట చేతికి రాకముందే వాయిదా బేరం చేయడం కొత్త కాదు, తప్పూ కాదు. అయితే వాయిదా బజారులో గడువు తేదీ వుంటుంది, నాణ్యత కొలత వుంటుంది, మార్జిను సొమ్ము రోజూ కట్టవలసి వుంటుంది. గడువు నాటికి సరుకు అప్పగించనివాడికి జరిమానా వుంటుంది. ఫిస్కర్ షేరు కొన్నవారి చేతిలో ఇవేవీ లేవు.

లిథియం లెక్క

లోహాల ధరల వల్లనే కొత్త కంపెనీలు చితికిపోయాయన్న వాదన 2022లో బలంగా వినిపించింది. ఆ ఏడాది అందుకు ఆధారం లేకపోలేదు. మార్చి 8న లండన్ లోహ మార్కెట్‌లో నికెల్ ధర టన్నుకు లక్ష డాలర్లు దాటగా, ఆనాటి బేరాలను రద్దుచేసి వారం రోజుల పాటు వ్యాపారం నిలిపివేయవలసి వచ్చింది. కోబాల్ట్ 80 వేల డాలర్ల దరిదాపులకు చేరింది. లిథియం సంగతి పైన చెప్పిందే. కాని 2023లో ఈ మూడు సరుకులూ మందీలో పడ్డాయి. నికెల్ ఏడాది ప్రారంభంలో వున్న 30 వేల డాలర్ల నుంచి చివరకు 17 వేల లోపునకు వచ్చింది. కోబాల్ట్ 30 వేల డాలర్ల దరిదాపులకు జారింది.

ఈ మందీ వల్ల ఒక్కో కారు మీద ఎంత కలిసి వచ్చేదో స్థూలంగా లెక్కకట్టవచ్చు. పెద్ద రకం ఓషన్ కారులో 100 యూనిట్లకు మించి విద్యుత్తు నిల్వచేసే బ్యాటరీ వుంది. అంత బ్యాటరీకి లిథియం కార్బొనేట్ సుమారు 80 కిలోలు పడుతుందనుకుంటే, 2022 నవంబరు ధరకు దాని ఖరీదు 48 వేల యువాన్లు, అంటే 6,700 డాలర్ల వరకు అవుతుంది. ఏడాది తరువాతి ధరకు అది 8 వేల యువాన్లు, అంటే 1,100 డాలర్లు. కారు ఒక్కింటికి లిథియం మీద మిగులు 5,600 డాలర్లు. నికెల్, కోబాల్ట్‌ల మీద మరికొంత.

ఇక అమ్మకపు ధర వైపు చూడాలి. 2023 జనవరిలో టెస్లా అమెరికాలో తన కార్ల ధరలను ఒక్కసారిగా 20 శాతం వరకు తగ్గించింది. 65,990 డాలర్లుండిన ఒక రకం మోడల్-వై 52,990 డాలర్లకు వచ్చింది. అంటే లిథియం పూర్తిగా చౌక కాకముందే, పోటీదారు ఒక్క దెబ్బతో 13 వేల డాలర్లు తగ్గించి అమ్మసాగాడు. అమెరికా 2022 ఆగస్టులో చేసిన చట్టం ప్రకారం ఉత్తర అమెరికాలో కూర్చిన కార్లు కొన్నవారికే అప్పట్లో 7,500 డాలర్ల వరకు పన్ను రాయితీ లభించేది. ఆస్ట్రియాలో తయారయ్యే ఓషన్ కొన్నవారికి అది లేకుండా పోయింది. 2022 మార్చి దాకా సున్నాకు చేరువలో వుండిన అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ 2023 జూలైకి 5.25 - 5.50 శాతానికి చేరడంతో వాయిదాల మీద కారు కొనేవారి నెలసరి భారం పెరిగింది.

ముడిసరుకు మందీ కారు తయారీదారులందరికీ సమానంగా కలిసి వచ్చేదే. అది ఎవరి జేబులోనూ నిలవలేదు. పోటీలో ధర తగ్గి కొనేవాడికి చేరింది. పెద్ద ఎత్తున తయారుచేసేవాడు ఆ తగ్గింపును తట్టుకున్నాడు. చిన్నవాడి దగ్గర తట్టుకునే సత్తువ లేదు. 2023 చివరి మూడు నెలల్లో ఫిస్కర్ స్థూల లాభం సున్నాకు దిగువ 35 శాతం. నూరు డాలర్లకు అమ్మిన సరుకు మీద నూట ముప్ఫయి అయిదు ఖర్చయిందన్నమాట. ఇలాంటి వ్యాపారంలో ఎంత ఎక్కువ అమ్మితే నష్టం అంత ఎక్కువ. అమ్మకపోతే నిల్వ భారం.

సగం సరుకు యార్డులోనే

2023 సంవత్సరానికి ఫిస్కర్ మొదట పెట్టుకున్న లక్ష్యం 42,400 కార్లు. మే నెలలో దీనిని 32 - 36 వేలకు తగ్గించింది. ఆగస్టులో 20 - 23 వేలన్నది. నవంబరులో 13 - 17 వేలన్నది. డిసెంబరులో పదివేలన్నది. చివరకు తయారైనవి 10,193. కొనేవారి చేతికి అందినవి సుమారు 4,900 మాత్రమే. సగానికి పైగా సరుకు యార్డుల్లో వుండిపోయింది.

యార్డులో వున్న సరుకంటే అప్పు మీద కూర్చున్న సరుకు. మిర్చి అయితే శీతల గిడ్డంగిలో పెట్టి, రసీదు మీద బ్యాంకు అప్పు తీసుకుని, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. కారుకు ఆ వెసులుబాటు లేదు. నెల గడిచినకొద్దీ పాతపడుతుంది. పక్క కంపెనీ ధర తగ్గిస్తే ఆ రోజే దీని విలువా తగ్గుతుంది.

ఈ సరుకు కదలకపోవడానికి ఒక ముఖ్య కారణం అమ్మకపు పద్ధతి. డీలర్లు లేకుండా నేరుగా కొనుగోలుదారుకే అమ్మాలన్నది ఫిస్కర్ పట్టుదల. మధ్యవర్తి కమీషన్ మిగులుతుందన్నది దాని వెనుక లెక్క. కాని డీలరు చేసేది కమీషన్ తినడం ఒక్కటే కాదు. అతడు కంపెనీకి రొక్కం కట్టి సరుకు తన ఆవరణలో దించుకుంటాడు. నిల్వ వడ్డీ తాను భరిస్తాడు. కొనేవాడి పాత కారు తీసుకుంటాడు, అప్పు ఇప్పిస్తాడు, మరమ్మతు చేస్తాడు. యార్డులో అడితిదారు రైతుకు చేసే పనికి ఇది దూరం కాదు. అడితిదారును కాదన్నవాడు ఆ పెట్టుబడి, ఆ శ్రమ తాను పెట్టుకోవాలి. ఫిస్కర్ వద్ద రెండూ చాలలేదు. 2024 జనవరిలో డీలర్ల పద్ధతికి మారుతున్నట్లు ప్రకటించింది గాని అప్పటికే ఆలస్యమయింది.

నాణ్యత మీద ఫిర్యాదులు మరొక కారణం. సాఫ్ట్‌వేర్ పూర్తిగా సిద్ధం కాకుండానే కార్లు రోడ్డెక్కాయి. బ్రేకులు పట్టు సడలడం, నిలిపిన కారు దానంతట అది దొర్లడం, తలుపులు తెరుచుకోకపోవడం వంటి ఫిర్యాదులపై 2024 ప్రారంభం నుంచి అమెరికా రహదారి భద్రతా సంస్థ వరుసగా దర్యాప్తులు చేపట్టింది. సరుకులో పుచ్చు వున్నదన్న మాట బజారులో పొక్కిన తరువాత బేరం నిలవదు.

2024 మార్చిలో ఉత్పత్తి ఆరు వారాల పాటు ఆపుతున్నట్లు కంపెనీ ప్రకటించింది. ఒక పెద్ద కార్ల కంపెనీతో జరుగుతున్న సంప్రదింపులు అదే నెలలో బెడిసికొట్టాయి. షేరు ధర పది సెంట్ల లోపునకు పడిపోగా మార్చి 25న న్యూయార్క్ మార్కెట్ ఆ షేరు వ్యాపారం నిలిపివేసింది. అంతట 61,499 డాలర్లుండిన ఓషన్ పెద్ద రకాన్ని ఒక్కసారిగా 37,499కి దించారు. తగ్గింపు 24 వేల డాలర్లు. లిథియం మీద కలిసి వచ్చే 5,600తో దీనిని పోల్చి చూస్తే ముడిసరుకు ధర ఈ వ్యాపారాన్ని ఎంతవరకు గట్టెక్కించగలదో బోధపడుతుంది.

జూన్‌లో దివాలా కోర్టుకు వెళ్ళిన తరువాత మిగిలిన మూడు వేల పైచిలుకు కార్లను న్యూయార్క్‌కు చెందిన ఒక అద్దె కార్ల సంస్థకు 4 కోట్ల 62 లక్షల డాలర్ల దాకా చెల్లించే ఒప్పందం మీద అమ్మారు. సగటున కారు 14 వేల డాలర్లు. మిగులు సరుకును తూకానికి అమ్మినట్లు అమ్మారు.

ఎవరి బాకీ ముందు?

దివాలాలో అసలు ప్రశ్న ఎంత పోయిందన్నది కాదు, ఎవరిది పోయిందన్నది. 2023లో ఫిస్కర్ ఒక పెట్టుబడి సంస్థ వద్ద షేర్లుగా మార్చుకోదగిన నోట్ల మీద రెండు విడతలుగా అప్పు తెచ్చింది. ఆ నవంబరులో మూడవ త్రైమాసికపు లెక్కలు గడువు లోపల దాఖలు చేయలేకపోయింది. ఇది అప్పు ఒప్పందానికి ఉల్లంఘన అయింది. దానిని సరిదిద్దుకునేందుకు కంపెనీ తన ఆస్తులను ఆ అప్పుకు తాకట్టుగా రాసి ఇవ్వవలసి వచ్చింది. ఈ విధంగా, లెక్కలు సకాలంలో తేలని ఒక్క కారణాన, హామీ లేని అప్పు హామీ గల అప్పుగా మారిపోయింది. మిగిలిన బాకీదార్లంతా ఆ మేరకు వెనక్కు జరిగారు. విడిభాగాలు అప్పుగా ఇచ్చినవారు, సర్వీసు చేసినవారు, అడ్వాన్సు కట్టినవారు ఈ వెనుక వరుసలోని వారే.

కారు కొన్నవారి పరిస్థితి ఇంకా విచిత్రమైనది. ఈ కారు కంపెనీ సర్వర్లతో మాట్లాడుతూ నడిచే యంత్రం. కంపెనీ పోతే సాఫ్ట్‌వేర్ సవరణలు రావు, విడిభాగాలు దొరకవు. లోపాల సవరణకు రీకాల్ చేసిన కార్ల మరమ్మతు కూలి యజమానులే భరించాలని కంపెనీ 2024 సెప్టెంబరులో మొదట చెప్పింది. విమర్శలు రాగా వెనక్కు తగ్గింది. కారు యజమానులు సంఘంగా ఏర్పడి తమ కార్లను తామే నడుపుకునే దారి వెతుక్కోవలసి వచ్చింది. పాత కాలంలో కంపెనీ మూతపడ్డా ఏ మెకానిక్కో బండి నడిపించేవాడు. ఈ కొత్త సరుకుకు ఆ భరోసా లేదు.

ఉద్వాసన వరుస

సిబ్బంది తొలగింపు 2024 ఫిబ్రవరి 29న మొదలయింది. వ్యాపారం కొనసాగించగలమా అన్నది సందేహమేనని ప్రకటించిన ఆ రోజే 15 శాతం సిబ్బందిని తొలగిస్తున్నట్లు కంపెనీ చెప్పింది. ఆ తరువాత వసంతకాలమంతా విడతలవారీగా తొలగింపులు సాగాయి. ఆస్ట్రియాలోని శాఖ మే నెలలో అక్కడి కోర్టును ఆశ్రయించింది. జూన్‌లో మాతృ కంపెనీ దివాలా పిటీషన్ దాఖలు చేసింది. కారు తయారుచేసిన మాగ్నా కంపెనీ ఫిస్కర్ వ్యవహారం వల్ల 30 కోట్ల డాలర్లకు పైగా నష్టం లెక్కలో రాసుకున్నది. గ్రాజ్ ఫ్యాక్టరీలోనూ వందల ఉద్యోగాలు పోయాయి. ఆ కార్మికులు ఫిస్కర్ షేరు పెరిగినప్పుడు లాభపడినవారు కారు.

ఈ వరుస కార్ల ఫ్యాక్టరీతో ఆగలేదు. తేజీ రోజుల్లో కార్ల కంపెనీల లక్ష్యాలన్నీ కూడి, అంత లిథియం కావాలని గనులు తెరిచారు. లక్ష్యాలు కరిగిపోయేసరికి గనుల సరుకు మిగిలిపోయింది. ఆస్ట్రేలియాలో కోర్ లిథియం 2024 జనవరిలో తవ్వకం నిలిపింది. అమెరికాకు చెందిన ఆల్బెమార్ల్ ఆ నెలలోనే సిబ్బంది తగ్గింపు ప్రకటించింది. పీడ్‌మాంట్ లిథియం ఫిబ్రవరిలో 27 శాతం సిబ్బందిని తీసివేసింది. స్వీడన్‌లో బ్యాటరీలు చేసే నార్త్‌వోల్ట్ సెప్టెంబరులో 1,600 ఉద్యోగాలు తగ్గిస్తున్నట్లు చెప్పి, 2025 మార్చిలో దివాలా తీసింది. వాహనాల ధరలు, వడ్డీలు, చైనా పోటీ వంటి కారణాలు ఒక్కో చోట ఒక్కో పాలు వుండవచ్చు. కాని కాగితం మీది కార్లను నిజమైన గిరాకీగా లెక్కించడం మాత్రం అన్నింటా వున్న పొరపాటు.

ఈ తొలగింపులను కంపెనీల ప్రకటనలు ఖర్చు తగ్గింపు అంటాయి. తగ్గిన ఖర్చు ఎక్కడికీ పోదు. ఇంటి అద్దెగా, పిల్లల ఫీజుగా తొలగించబడినవాడి నెత్తిన పడుతుంది. నిల్వ లెక్క తప్పింది పైవారిది. దాని మీద మొదటి వాయిదా కట్టింది కింది ఉద్యోగి.

హైదరాబాదు ప్రకటన

తెలుగు పాఠకులకు ఇది పూర్తిగా పరాయి సంగతి కాదు. 2022 మే నెలలో ఫిస్కర్ తన భారత కేంద్రాన్ని హైదరాబాదులో నెలకొల్పనున్నట్లు ప్రకటించింది. సాఫ్ట్‌వేర్, ఇంజనీరింగ్ పనుల కోసం ఏర్పడిన ఆ అనుబంధ సంస్థ పేరు ఫిస్కర్ విజ్ఞాన్ ఇండియా. ఆ ప్రకటన అప్పట్లో పత్రికలలో ఘనంగా వచ్చింది. అప్పటికి కంపెనీ ఒక్క కారు కూడా కొనుగోలుదారుకు అప్పగించలేదు. ప్రకటన వెలువడిన 25 నెలలకు మాతృ కంపెనీ కోర్టులో వుంది.

పెట్టుబడులను ఆహ్వానించడంలో తప్పులేదు. రాష్ట్రాల మధ్య పోటీ వున్నప్పుడు ఏ ప్రభుత్వమైనా తలుపులు తెరిచే వుంచాలి. కాని ఉద్యోగాల అంకె ప్రకటించిన రోజునే అవి వచ్చినట్లు లెక్కవేయడం యార్డుకు రాని బస్తాలకు తూకం చీటీ రాయడమే అవుతుంది. పరదేశపు కంపెనీ శాఖలో చేరే యువకుడు ఆఫీసు హంగు చూసి కాక, మాతృ కంపెనీ దగ్గర ఎన్ని నెలల జీతాలకు సరిపడా రొక్కం వున్నదో చూసి చేరడం క్షేమం. షేర్ మార్కెట్‌లో నమోదైన అమెరికా కంపెనీల లెక్కలు మూడు నెలలకొకసారి అందరికీ అందుబాటులో వుంటాయి.

నష్టం లేని వ్యాపారం వుందా?

కొత్త పరిశ్రమలో కొన్ని కంపెనీలు పోవడం సహజమని, పోయేవాటిని చూసి భయపడితే నిలిచేవి పుట్టవని వాదించేవారున్నారు. ఈ వాదంలో బలం వుంది. టెస్లా కూడా 2008 చివర దివాలా అంచుకు వచ్చి తప్పించుకున్నదే. అమెరికా ఇంధన శాఖ మొదటి ఫిస్కర్‌కు రుణమిచ్చిన పథకం కిందనే టెస్లాకు 46.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. టెస్లా ఆ అప్పును 2013 మేలో, గడువుకు తొమ్మిదేళ్ళ ముందే తీర్చివేసింది.

కాని ఈ ఉదాహరణ నుంచి గ్రహించవలసింది మరొకటి వుంది. అదే పథకం కింద ఫిస్కర్‌కు మంజూరైన 52.9 కోట్లలో 33 కోట్ల డాలర్లకు పైగా ప్రభుత్వ ఖజానాలోనే మిగిలాయి. కారణం, పని జరిగితేనే సొమ్ము అన్న షరతు. రెండవ ఫిస్కర్‌కు షేర్ మార్కెట్ ఇచ్చిన 100 కోట్లకు అలాంటి షరతు లేదు. ఒకే వ్యక్తి, ఒకే రకపు వ్యాపారం. సొమ్ము ఇచ్చిన పద్ధతి వేరు. మిగిలిన నష్టం వేరు. సాహసం చేయవద్దని ఎవరూ అనరు. సాహసానికి వాయిదాలు, తనిఖీలు వుండాలనే చెప్పవలసింది.

జీతాల బాకీ విషయం కూడా ఇందులో చేరుతుంది. అమెరికా చట్టం ప్రకారం ఫిస్కర్ కోర్టుకెక్కిన నాటికి ఉద్యోగి జీతం బాకీలో 15,150 డాలర్ల వరకు హామీ లేని అప్పుల కన్నా ముందు వస్తుంది. అడ్వాన్సు కట్టిన కొనుగోలుదారుకు 3,350 డాలర్ల వరకు. కాని ఈ రెండూ తాకట్టు పెట్టుకున్నవాడి తరువాతనే. భారతదేశంలో 2016 నాటి దివాలా చట్టం కంపెనీ ఆస్తులు అమ్మి పంచే పక్షంలో కార్మికుల 24 నెలల బాకీని తాకట్టు రుణదాత పక్కనే సమానంగా నిలబెట్టింది. అయితే ఇది కార్మికులుగా చట్టం గుర్తించినవారికే. ఇతర ఉద్యోగుల 12 నెలల జీతం ఆ తరువాతి మెట్టు మీద వుంది. సాఫ్ట్‌వేర్ కేంద్రాలలో పనిచేసేవారిలో అనేకులు ఈ రెండవ తరగతిలో పడవచ్చు. కొత్త కంపెనీలకు స్థలాలు, రాయితీలు ఇచ్చే ప్రభుత్వాలు మూడు నెలల జీతాల మొత్తం విడిగా డిపాజిట్ చేయాలన్న చిన్న షరతు పెడితే ఎవరికీ భారం కాదు. ఆ మొత్తం చూపలేని కంపెనీ నియామకాలు మొదలుపెట్టకపోవడమే మేలు. అలాగే కారు కోసం కట్టించుకున్న అడ్వాన్సు కారు అప్పగించేదాకా బ్యాంకులో వేరుగా వుండాలి.

లోహాల వర్తకులకు కూడా దీనిలో ఒక లెక్క వుంది. లిథియం గిరాకీని కంపెనీల లక్ష్యాలను బట్టి కాక, రిజిస్టరైన కార్లను బట్టి కట్టాలి. ఫిస్కర్ లక్ష్యం 42,400, తయారైంది 10,193, అందింది 4,900. ఈ మూడు అంకెలలో మూడవది ఒక్కటే గిరాకీ. రెండవదానికీ మూడవదానికీ మధ్య తేడా బ్యాటరీతో సహా యార్డులో వున్న నిల్వ. ఆ నిల్వ ఏదో ఒకనాడు బజారులో పడి తీరుతుంది.

లిథియం ధర 2025 నడుమకు 60 వేల యువాన్ల దరిదాపులకు జారి, తరువాత కోలుకున్నది. ధర లేచినప్పుడల్లా కొత్త గనులు, కొత్త కంపెనీలు, కొత్త ప్రకటనలు వస్తాయి. వాటిలో గట్టివి వుంటాయి, తాలూ వుంటుంది. కొనుగోలుదారు చేతికి అందిన సరుకు ఎంత, నెలాఖరుకు జీతాలకు సొమ్ము ఎక్కడ వున్నది అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టిన తరువాతనే ఎవరైనా, మదుపుదారైనా మంత్రి అయినా, సంతకం చేయడం మంచిది.